వరద భయం, ముసలితనం, నర్సు పని

2009 అక్టోబర్ మొదటి రోజుల్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచేసింది. మఠంలోకి నీళ్ళొచ్చిన సంగతి దేశమంతా చూసింది. కర్నూలు పట్టణమూ మునిగింది. కూలిన ఇళ్ళ లెక్క, కొట్టుకుపోయిన గొడ్ల లెక్క, పోయిన పైరు లెక్క అధికారులు రాసుకుంటారు. రాత్రంతా మిద్దె మీద కూర్చుని నీళ్ళ చప్పుడు విన్న మనిషి లోపల ఏం మిగిలిందో రాసుకోవడానికి ఏ రిజిస్టర్లోనూ గడి ఉండదు. అప్పుడు యాభై అయిదేళ్ళున్నవాళ్ళు ఇప్పుడు డెబ్భై దాటారు. అందుకే ఇవాళ ఆ వరద గాయం గురించి మాట్లాడాలంటే ముసలివాళ్ళ గురించే మాట్లాడాలి.

మనసుకు తగిలిన దెబ్బను డాక్టర్లు మూడు గుర్తులతో పోల్చుకుంటారు. జరిగింది మళ్ళీ జరుగుతున్నట్టే కళ్ళముందుకు రావడం, దాన్ని గుర్తుచేసే చోటుకూ మాటకూ దూరంగా మసలడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం. పుస్తకంలో ఇది సులువుగానే ఉంటుంది. మా వైపు ముసలివాళ్ళు మాత్రం "నాకు భయంగా ఉంది" అని ఆసుపత్రికి రారు. "కాళ్ళు లాగుతాండాయి, గుండె దడదడ అంటాది, తెల్లార్లూ నిద్దర లేదు" అంటారు. మనసు బాధ ఒంటి నొప్పిగా బయటికొస్తుంది. వినేవాళ్ళు దాన్ని వయసు కింద జమకట్టి బలానికి సూది వేసి పంపుతారు.

ఇంకొకటుంది. వయసులో పనిలో పడి అణిగి ఉన్న జ్ఞాపకం ముసలితనంలో తిరిగి లేస్తుంది. కూలి పని ఆగిపోతుంది, తోడు పోతుంది, చూపు మందగిస్తుంది. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళలోనైతే నిన్నటి మాట పోయి పాత మాట మిగులుతుంది. పొద్దు గూకే యాలకు అవ్వ లేచి "నీళ్ళొస్తాండాయి, పిల్లోళ్ళను లేపండి" అంటుంది. ఇంట్లోవాళ్ళు "నీళ్ళెక్కడివే, మూసుకొని పండుకో" అని గదమాయిస్తారు. అక్కడ నర్సు వాదనకు దిగకూడదు. దీపం వెలిగించి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "అవ్వా, పిల్లోళ్ళంతా ఈడనే ఉండారు, చూడు" అనాలి. అబద్ధం చెప్పమనడం లేదు, భయానికి జవాబు చెప్పమంటున్నాం. అయితే ఆ గందరగోళం రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా మొదలైతే అది మతిమరుపు కాకపోవచ్చు. జ్వరమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో నీళ్ళు తగ్గడమో, కొత్త మాత్రో కారణమవుతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

నిద్రమాత్రల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. దెబ్బ తగిలిన మొదటి నెలలో నిద్ర కోసం, ఆందోళన కోసం బెంజోడయాజెపిన్ మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. ముసలివాళ్ళకు ఆ మాత్రలతో తూలి పడటం, తుంటి విరగడం, మతి చెదరడం అనే ముప్పు అదనం. ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. డాక్టరు చేత మెల్లగా తగ్గించుకోవాలి. జరిగిందంతా ఒక్క పూటలో చెప్పించి కక్కించెయ్యడం కూడా మేలు చెయ్యదు. ముందు గమనించాలి, తర్వాత వినాలి, ఆ తర్వాత కావలసిన సాయంతో కలపాలి. పింఛనుకు అర్జీ రాసిపెట్టడం కూడా ఈ వైద్యంలో భాగమే.

ఇప్పుడు గేరి సంగతి. మంత్రాలయం, కోసిగి, కౌతాళం వైపు వానలు తప్పిన ఏడు జనం సుగ్గికి పోతారు. మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కుతాయి. భూమి లేని మాల, మాదిగ ఇళ్ళే ఇందులో ఎక్కువగా ఖాళీ అవుతాయి. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్ళు, వాళ్ళ చేతుల్లో చిన్న పిల్లలు. దిగులును కొలిచే ప్రశ్నల పట్టికలు బయటికి పోబుద్ధి అవుతోందా, నలుగురిలో కలుస్తున్నారా అని అడుగుతాయి. పుట్టినప్పటినుంచీ ఊరి రచ్చకట్ట మీద కూర్చోనివ్వని మనిషిని ఈ ప్రశ్న అడిగితే వచ్చే జవాబు జబ్బును కొలుస్తుందా, ఊరిని కొలుస్తుందా? పట్టికను పారెయ్యమని మేము అనం. ఆ జవాబు వెనక కులం కూడా ఉందని చదవడం నర్సుకు నేర్పాలి.

నర్సు పని తాకే పని. ఒకప్పుడు పైకులాలు ఆ పనిని మైలగా చూసినందుకే జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలాంటి మిషన్ ఆసుపత్రుల ద్వారా మన క్రైస్తవ ఆడబిడ్డలు ఎందరో ఆ చదువులోకి రాగలిగారు. మా ఇళ్ళల్లో తెల్లబట్టల ఉద్యోగమంటే మొదట అదే. తాకకుండా దూరంనుంచి మాత్రలు జారవిడిచే చెయ్యిని దళిత ముసలివాళ్ళు చప్పున పసిగడతారు. చిన్నప్పటినుంచీ ఎత్తి పోసిన నీళ్ళు తాగినవాళ్ళు మరి! 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కులవివక్ష లేకుండా వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఆ హక్కుకు మొదటి పరీక్ష బీపీ చూసే పట్టీ దగ్గరే.

కావలసిన నమూనా దూరాన ఏమీ లేదు. 1953 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే. ఆ బళ్ళారిలోనే బెంగళూరు నిమ్‌హాన్స్ 1980ల నడుమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ సిబ్బందికీ తర్ఫీదునిచ్చి ఊళ్ళల్లోనే మానసిక వైద్యం జరుగుతుందని చూపించింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే మూలం. అది క్రమంగా మాత్రల పంపిణీ వైపే ఒరిగిందని, ఇంటికి పోయి కూర్చునే పని వెనకబడిందని మా అభిప్రాయం. 1999 ఒడిషా తుపాను తర్వాత, 2004 సునామీ తర్వాత ఊరి కార్యకర్తలే తర్ఫీదు పొంది బాధితుల మాట విన్నారు. తుంగభద్ర ఒడ్డున ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ఊరి క్లినిక్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి ఇప్పుడూ ఉన్నారు. 2022లో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరు మీద తెలుగులోనే మాట్లాడవచ్చు. కానీ చెవుడున్న అవ్వకు ఫోను కలిపి పక్కన కూర్చునే మనిషి ఒకరు కావాలి గదా. సుగ్గి లారీలు కదిలే ముందే ఏ ఇంట్లో ఏ ముసలి ప్రాణం ఒంటరిగా మిగులుతోందో గేరి గేరికీ రాసుకుని, వారానికోసారి ఆ గడపకు పోయే పనిని ఈ సిబ్బంది డ్యూటీ చార్టులో ఎక్కించాలి.