కూత విఫలమైతే తప్పెవరిది?

సూర్యాపేట: 2021 మార్చిలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు వేదికైన సూర్యాపేటలోనే గాక కోదాడ, మిర్యాలగూడ మైదానాల్లోనూ జట్టు ఓడినప్పుడల్లా ఒకటే వాదన. తప్పు శిక్షకుడి వ్యూహానిదా, కూతకు వెళ్లినవాడిదా? ఇందుకు తెలుగు టైటాన్స్ ఉదంతమే తగిన ఉదాహరణ. ప్రో కబడ్డీ పదో సీజన్ (2023-24)కు ఆ జట్టు పవన్ సెహ్రావత్‌ను రూ.2.605 కోట్లకు దక్కించుకుంది. ఆయన 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చినా, 22 మ్యాచ్‌లలో గెలిచినవి రెండే.

కూత గడువు 30 సెకన్లు. ఆలోగా బోనస్ గీత దాటాలా, మూలనున్నవాడిని తాకి రావాలా అన్నది ఆటగాడే తేల్చుకోవాలి. గట్టు మీది కేకలు చెవికెక్కవు. వరుసగా రెండు కూతలు వట్టివైతే మూడోది చావోరేవో. అక్కడ తడబడితే తప్పు ఆటగాడిదే.

అయితే ఎవరిని ఏ వరుసలో పంపాలన్నది శిక్షకుడి నిర్ణయం. పవన్‌ను పట్టి బయట కూర్చోబెడితే, తిరిగి లోపలికి తెచ్చేందుకు మరొకరు ప్రత్యర్థిని ఔట్ చేయాలి. ఆ మరొకరు కరవవడమే టైటాన్స్‌ను ప్రధానంగా దెబ్బతీసింది. 2024 సీజన్‌లో కృషన్ కుమార్ హుడా శిక్షణలో, పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైనప్పటికీ, విజయ్ మలిక్ కూత భారం మోయడంతో జట్టు 12 విజయాలు సాధించడం గమనార్హం.

సంక్రాంతి పోటీలకు దిగే పల్లె జట్లు సైతం తరచూ ఒక్క కూతగాడినే నమ్ముకుంటాయి. అతడి మోకాలు బెణికితే రెండో వాడెవరన్నది అప్పటికప్పుడు వెతుక్కోవాల్సిందే.