యూదమతంలో వివాహ నిరీక్షణ – విశ్వాసం, సహనం

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదుల చిన్న సమాజం ఒకటి ఉన్నది. లోగడ క్రైస్తవులుగా ఉన్న మాదిగ కుటుంబాలు కొన్ని 1980 దశకంలో యూద ఆచారాలను చేపట్టి, 1991లో ప్రార్థనా మందిరాన్ని నెలకొల్పుకున్నాయి. హజ్రత్ యూసుఫ్ (అ) కుమారుడైన ఎఫ్రాయీము సంతతి తామని చెప్పుకుంటూ, తమను ‘బెనె ఎఫ్రాయీము’ అని పిలుచుకుంటారు.

యూద ధర్మశాస్త్రం ప్రకారం యూదులు యూదులనే వివాహమాడాలి. కొన్ని పదుల కుటుంబాలు మాత్రమే ఉన్నచోట ఈ నియమం ఎంత బరువైనదో పాఠకులు గ్రహించగలరు. పైగా యూదమతంలో బ్రహ్మచర్యానికి గౌరవం లేదు. వివాహం ఒక విధి. విధిని నెరవేర్చాలని ఉండీ తోడు దొరకని వ్యక్తికి ఆ మతం ఏమి చెబుతున్నది?

శిశువు రూపుదిద్దుకోవడానికి నలభై రోజుల ముందే, ఫలానా వారి కుమార్తె ఫలానా వానికి అని ఆకాశవాణి ప్రకటిస్తుందని తల్మూద్ చెబుతున్నది. సృష్టి ముగిసిన నాటినుండి దేవుడు ఏమి చేస్తున్నాడని ఒక రోమను స్త్రీ అడుగగా, జంటలను కూర్చుతున్నాడనీ, అది సముద్రాన్ని చీల్చినంత కష్టమైన పని అనీ రబ్బీ యోసే జవాబిచ్చినట్లు మరొక కథనం.

అంతా నిర్ణయమై ఉంటే మనిషి ఊరకే కూర్చోవాలా? అలా కాదు. హజ్రత్ ఇస్‌హాఖ్ (అ)కు వధువును వెదకడానికి హజ్రత్ ఇబ్రాహీం (అ) తన సేవకుణ్ణి దూరదేశానికి పంపిన వృత్తాంతం తౌరాతులో ఉన్నది. ఆ సేవకుడు బావి వద్ద ప్రార్థించాడు. అడుగకుండానే ఒంటెలకు సైతం నీరు తోడే సుగుణాన్ని గుర్తుగా కోరాడు. హజ్రత్ యాఖూబ్ (అ) రాహేలు కోసం మొదట ఏడేండ్లు కొలువు చేసి, మోసపోయి, మరో ఏడేండ్లు కొలువుకు ఒప్పుకున్నారు.

నాలుగవ శతాబ్దపు బాబిలోను పండితుడు రావా చేసిన హెచ్చరిక ఇక్కడ గమనార్హం. ఫలానా స్త్రీయే తనకు దక్కాలని ఒకడు ప్రార్థిస్తుండగా ఆయన విని వారించాడు. ఆమె నీకు తగినదైతే నిన్ను విడిచిపోదు. తగనిదై దక్కకపోతే నీవు దేవుణ్ణే కాదంటావు అన్నది ఆయన మాటల సారాంశం. నిరీక్షణలో అసలు ప్రమాదం ఆలస్యం కాదు, కోరిక తీరకపోతే విశ్వాసం జారిపోవడం. మన ఇస్తిఖారా నమాజులో కూడా దాసుడు వస్తువును గాక మేలును కోరుతాడు.

ఈ భారాన్ని యూదమతం ఒక్కరి మీదనే వదలదు. పేద వధువు పెండ్లికి తోడ్పడటం గొప్ప పుణ్యకార్యంగా ఎంచబడుతుంది. సంబంధాలు కుదిర్చేవారికి సమాజంలో స్థానం ఉన్నది.

హజ్రత్ మూసా (అ) మద్‌యన్‌లో పరదేశిగా నిలిచి, ముందు ఇద్దరు యువతుల పశువులకు నీరు పెట్టి, తరువాతనే నీడకు చేరి ప్రభువు ప్రసాదించే మేలును అర్థించారని ఖుర్‌ఆన్ తెలుపుతున్నది. ఇల్లూ ఇల్లాలూ ఆ తరువాత లభించాయి. సహనమంటే చేతులు ముడుచుకోవడం కాదన్న పాఠం రెండు సంప్రదాయాలకూ బావి వద్దనే లభించింది.