వెన్నులోకి అందే ఉపశమనం

గజపతినగరం చుట్టుపక్కల సంఘాల్లో ప్రార్థన మనవులు చదువుతున్నప్పుడు క్యాన్సర్ రోగుల పేర్లు తరచుగా వింటుంటాం. స్వస్థత కోసం మోకరిస్తాం. రాత్రి నొప్పితో నిద్రపట్టిందా అని మాత్రం అడగం.

నొప్పిని ఓర్చుకోవడమే విశ్వాసమని మనలో కొందరి నమ్మకం. సిలువపై ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసాన్ని పుచ్చుకోలేదు కదా అంటారు. నిజమే, కానీ అది ఆయన తన విషయంలో తీసుకున్న నిర్ణయం. ఆయనే చెప్పిన ఉపమానంలో సమరయుడు గాయపడినవాడికి ఓర్పు బోధించలేదు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు.

తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ముఖ్యమైన మందు. అలవాటైపోతుందన్న భయంతో ఇంట్లోవాళ్లే వద్దంటారు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి వాడే మందును వ్యసనంతో కలపకూడదు. చాలామందికి మాత్రలతోనే ఉపశమనం దొరుకుతుంది. కొందరికి దొరకదు. మోతాదు పెంచితే మగత, వాంతులు, మలబద్ధకం. వెన్నులోకి మందు పంపే పద్ధతి వీరి కోసమే.

1979లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు క్యాన్సర్ రోగులకు వెన్నులోకి మార్ఫిన్ ఎక్కించి ఫలితం చూశారు. ఇప్పుడైతే నడుము దగ్గర వెన్నుపూసల మధ్య నుంచి సన్నని గొట్టాన్ని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి చేరుస్తారు. రెండో కొసను చర్మం కిందుగా తెచ్చి, పొట్ట దగ్గర అమర్చిన పంపుకు కలుపుతారు. పంపులో మందు తగ్గినప్పుడు చర్మం మీదుగా సూదితో నింపుతారు. మింగిన మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. ఈ మందు నొప్పి కబురు మెదడుకు వెళ్లే దారిలోనే పనిచేస్తుంది. అందుకే నోటి ద్వారా 300 మిల్లీగ్రాములు చేసే పనికి ఇక్కడ సుమారు 1 మిల్లీగ్రాము సరిపోతుందని లెక్క.

ఇది అందరికీ కాదు. ఇన్ఫెక్షన్ సోకవచ్చు, మోతాదు మించితే ఊపిరి మందగించవచ్చు. లోపల అమర్చే పంపు ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఎక్కువ కాలం బతకరనుకున్న రోగులకు బయట ఉండే పంపునే వాడతారు. మన దేశంలో ఈ చికిత్స పెద్ద నగరాల్లో కొన్ని ఆసుపత్రులకే పరిమితం.

మార్ఫిన్ దొరకడానికి అడ్డుగా ఉన్న నిబంధనలను 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి సడలించారు. టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనకు విశాఖ దగ్గర అగనంపూడిలోనే ఉంది. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ‘పర్వాలేదండీ’ అనకండి. సున్నా నుంచి పది వరకు అంకెల్లో నొప్పి ఎంతో, ఏ వేళ పెరుగుతోందో, మాత్ర వేసుకున్న ఎన్ని గంటలకు మళ్లీ మొదలవుతోందో రాసుకుని వెళ్లండి.