కోళ్ల ఫారమూ, ఊరి మాటా

ఊరి చివర కోళ్ల ఫారం వస్తుందనగానే రెండు పక్షాలు ఏర్పడడం ఎక్కడైనా మామూలే. ఈగలు ముసురుతాయి, బావి నీళ్ళు చెడిపోతాయి అని ఒకరంటారు. నా పొలంలో నా బ్రతుకుతెరువు నేను చూచుకొంటే తప్పేమిటని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. మరి తీర్పు ఎవరు చెప్పాలి?

రాజ్యాంగం ఈ పనిని రెండు చోట్ల పెట్టింది. 1992 నాటి 73వ సవరణ పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకాలను పంచాయతీల జాబితాలో చేర్చింది. 74వ సవరణ భూమి వినియోగంపై అదుపును పురపాలక సంఘాల జాబితాలో చేర్చింది. మన గడ్‌చాందూర్‌కు నగర పరిషత్తు ఉన్నది. చుట్టుపట్ల పల్లెలకు పంచాయతీలున్నవి. ఫారం పల్లె హద్దులో ఉంటే కంపు పట్నం హద్దులోకి రావచ్చు. గాలికి హద్దురాళ్ళు లేవు గదా!

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో కొన్ని మార్గదర్శకాలు వెలువరించింది. వాటి ప్రకారం 5,000 కోళ్లకు మించిన ఫారానికి రాష్ట్ర మండలి సమ్మతి కావాలి. కొత్త ఫారం ఇళ్ళకు 500 మీటర్లు, నదులకు, చెరువులకు, మంచినీటి బావులకు 100 మీటర్లు ఎడంగా ఉండాలి.

మంచిదే. కాని సిమెంటు కర్మాగారాలతో పెరిగిన మన ఊరి వంటి చోట ఫారం కదలకపోయినా ఇళ్ళే దాని దగ్గరకు నడచివస్తవి. ముందునుంచీ ఉన్నవాడు అప్పుడు దోషి అవుతున్నాడు. కనుక ఎడం పాటించే బాధ్యత ఫారం వేసేవాడికెంతో, ఇళ్ళ ప్లాట్లు వేసేవాడికీ అంతే ఉండాలని మా అభిప్రాయం.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం పెద్ద పశుశాలల దరఖాస్తులకు జిల్లావారు మార్కులు వేసి సిఫారసు చేయవచ్చు. తుది నిర్ణయం మాత్రం రాష్ట్రానిదే. స్థానికుల మాటకు విలువ ఎంత అన్న తగవు అక్కడా ఉన్నదన్నమాట.

షెడ్డు లేచిన తరువాత గోల పెట్టినందువల్ల అప్పు చేసి కట్టినవాడికీ నష్టమే, పొరుగువారికీ నష్టమే. అడిగేదేదో పునాది పడక మునుపే అడగాలి. పల్లెల్లో ఉన్న మనవారు గ్రామసభకు తప్పక వెళ్ళాలి. పట్నంలోనివారు నగర పరిషత్తు సభ్యులను కలుసుకోవాలి. అక్కడ మాటలు మరాఠీలో సాగుతాయని వెనుకాడ నక్కరలేదు. తరతరాలుగా మనమూ ఈ ఊరివాళ్ళమే. ఇక్కడి గాలీ నీరూ మనవే.