పరుగుతో పెరిగే గుండె: ఎక్కడి వరకు మేలు?

సూరత్‌లోని నవాగామ్, లింబాయత్ ప్రాంతాల్లో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. సాంచాల పని వదిలి పోలీసు కొలువులో చేరాలనుకునే యువకుడు ముందు ఒక పరుగు దాటాలి. గుజరాత్ కానిస్టేబుల్ ఎంపికలో పురుషులు 5 కిలోమీటర్లను 25 నిమిషాల్లో పూర్తి చేయాలి. ఇందుకోసం నెలల తరబడి సాధన చేస్తే గుండెకు ఏమవుతుంది?

ఈ ప్రశ్న పాతదే. 1899లో స్వీడన్ వైద్యుడు హెన్షెన్ మంచు మీద స్కీయింగ్ చేసే క్రీడాకారుల ఛాతీని వేళ్లతో తట్టి చూసి, వారి గుండె మామూలు కంటే పెద్దదని గుర్తించాడు. 1975లో మోర్గాన్‌రాత్ బృందం అల్ట్రాసౌండ్ సాయంతో క్రీడాకారుల గుండెలను కొలిచింది. దూరపు పరుగు, ఈత వంటి క్రీడల్లో ఎడమ జఠరిక గది విశాలమవుతుందని, కుస్తీ వంటి బలప్రదర్శన క్రీడల్లో గోడలు మందమవుతాయని తేల్చింది.

కారణం సులువైనదే. దూరం పరుగెత్తేటప్పుడు గుండెకు చేరే రక్తం చాలా పెరుగుతుంది. దాన్ని పట్టేందుకు గది సాగుతుంది. బుడగ పెద్దదయ్యే కొద్దీ దాని పొర మీద లాగుడు పెరిగినట్టే, గది గోడ మీద ఒత్తిడి పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి కండరం కూడా కొంత మందమవుతుంది.

ఫలితం నాడిలో తెలుస్తుంది. విశ్రాంతిలో శరీరానికి నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం కావాలి. మామూలు గుండె ఒక్కో స్పందనకు 70 మిల్లీలీటర్ల చొప్పున 70 సార్లు కొట్టుకుని ఆ అవసరం తీరుస్తుంది. సాధన చేసిన గుండె 100 మిల్లీలీటర్ల చొప్పున పంపితే 50 స్పందనలు చాలు. సాధన ఆపితే ఈ మార్పు చాలావరకు వెనక్కి మళ్లుతుంది.

అయితే, పెరిగిన ప్రతి గుండే ఆరోగ్యకరమైనది కాదు. సుమారు 500 మందిలో ఒకరికి గుండె కండరం అసహజంగా మందమయ్యే జన్యు వ్యాధి ఉంటుంది. క్రీడాకారుల్లో గోడ మందం 13 మిల్లీమీటర్లు దాటడం అరుదు. 15 దాటితే వైద్యులు ఈ వ్యాధిని అనుమానిస్తారు. ఇది ఉన్నవారికి తీవ్రమైన శ్రమలో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

2024లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టులకు 10 కిలోమీటర్ల పరుగు పరీక్ష జరిగిన రోజుల్లో 10 మందికి పైగా అభ్యర్థులు మరణించారు. ఎండ, నీటి కొరత, సాధన లేకుండా దిగడం కూడా ఇలాంటి పరీక్షల్లో ప్రాణాంతకం కావచ్చు.

అందుకే దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవాలి. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, కుటుంబంలో ఎవరైనా 50 ఏళ్ల లోపు హఠాత్తుగా మరణించి ఉన్నా ముందు వైద్యుణ్ణి కలవాలి. ఈసీజీ, ఎకో పరీక్షలు సాధనతో పెరిగిన గుండెకూ, జబ్బుతో పెరిగిన గుండెకూ తేడా చెప్పగలవు. కొలువు కోసం పరుగు మొదలుపెట్టే ముందే ఆ తేడా తెలుసుకోవడం మంచిది.