బంకమన్నుకు పట్టు నేర్పిన సోడా

బోగోలు మండలం జువ్వలదిన్నె రేవులో కదిలే మరపడవకు గుండెకాయ డీజిల్ ఇంజిను. దాని సిలిండర్ దిమ్మె పోత ఇనుముది. సుమారు 1400 డిగ్రీల సెల్సియస్ వేడిలో నీళ్ళలా పారే ఇనుమును ఇసుక అచ్చులో పోస్తే ఆ రూపం వస్తుంది. ఇసుకకు మన తీరంలో లోటు లేదు. గూడూరు పక్కన చిల్లకూరు, కోట ప్రాంతాల్లో తెల్లటి సిలికా ఇసుక ఉంది. కానీ ఇసుక రేణువులు వాటంతటవి అంటుకోవు. నూటికి ఆరు నుంచి పది పాళ్ళ బంకమన్ను, మూడు నాలుగు పాళ్ళ నీరు కలపాలి.

ఆ మన్నే బెంటొనైట్. అమెరికాలోని వయోమింగ్‌లో దొరికిన మన్నుకు 1898లో విల్బర్ నైట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ పేరు పెట్టారు. అందులో కంటికి కనిపించని పలుచని పలకలు దొంతరలుగా ఉంటాయి. పలకల మధ్య సోడియం ఉంటే మన్ను నీటిలో ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కాల్షియం ఉంటే ఉబ్బు తక్కువ. వయోమింగ్ మన్ను సోడియం రకం. ప్రపంచంలో ఎక్కువ చోట్ల దొరికేది కాల్షియం రకం.

తేడా పోత పోసేటప్పుడు తెలుస్తుంది. ఇనుము తగలగానే అచ్చు లోపలి పొరలోని నీరు ఆవిరై, వెనకనున్న చల్లటి ఇసుకలోకి పోయి మళ్ళీ నీరవుతుంది. అక్కడొక వేడి తడి పొర ఏర్పడుతుంది. ఈలోగా ముందున్న ఇసుక 573 డిగ్రీలకు చేరేసరికి గబగబా వ్యాకోచిస్తుంది. తడి పొర పట్టు విడిస్తే ముందు పొర పెచ్చుగా ఊడిపోతుంది, పోత పాడవుతుంది. సోడియం మన్ను ఆ తడిలోనూ పట్టు వదలదు.

1930లలో జర్మన్ శాస్త్రవేత్తలు ఉల్రిచ్ హాఫ్‌మన్, కుర్డ్ ఎండెల్ ఈ పలకల గుట్టు విప్పి, కాల్షియం మన్నును సోడియం మన్నుగా మార్చే దారి చూపారు. తడి మన్నులో నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళ సోడా బూడిద వేసి గట్టిగా పిసికి, మాగనిచ్చి, మెల్లగా ఆరబెట్టి పొడి చేస్తారు. సోడాలోని కార్బొనేటు కాల్షియాన్ని లాక్కుంటుంది, సోడియం వెళ్ళి ఆ చోట కూర్చుంటుంది. సోడా మోతాదు మించితే మళ్ళీ పట్టు తగ్గుతుంది. అందుకే పొడిని కొలజాడీ నీటిలో చల్లి, ఎంత ఉబ్బిందో చూసుకుంటారు.

ఈ మార్పిడి మన రైతుకు తెలిసిందే. చౌడు నేలలో బంకమన్ను పలకలను పట్టుకున్నది సోడియమే. తడిస్తే అడుసై, ఎండితే రాయిలా బిగుసుకుపోతుంది. రైతు జిప్సం చల్లి సోడియాన్ని తోసేసి కాల్షియాన్ని చేరుస్తాడు. ఇనుము పోతపోసే ఫౌండ్రీ మనిషి అదే పనిని తిరగేసి చేస్తున్నాడు. పొలాన్ని చెరిచే గుణమే ఇనుప పోతను నిలబెడుతోంది.