బల్బు అసలు ధర కరెంటు బిల్లులో

ఇంట్లో బల్బు పోతే అంగడికి వెళ్లి మొదట అడిగేది దాని ధరే. పాతిక రూపాయలది ఒకటి, వంద రూపాయలది ఒకటి ఎదురుగా పెడితే చెయ్యి చౌకదాని మీదికే పోతుంది. కాని బల్బుకు మనం రెండుసార్లు డబ్బు కడతాం. ఒకసారి అంగట్లో, ఆ తరువాత అది వెలిగినన్నాళ్లూ కరెంటు బిల్లులో. రెండోదే పెద్దది. ఆరో తరగతి పిల్లలు చేయగల లెక్కే కనుక ఈ వారం ఇంట్లోనూ బడిలోనూ చేయించమని తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను కోరుతున్నాము.

ముందు ఆయుష్షు సంగతి చూద్దాం. లోపల సన్నని తీగ ఉండే పాత బల్బు సుమారు 1000 గంటలు వెలుగుతుంది. రోజుకు 5 గంటల చొప్పున 200 రోజులు. సీఎఫ్‌ఎల్ 6,000 నుంచి 10,000 గంటలు. ఎల్‌ఈడీ డబ్బాల మీద 15,000 నుంచి 25,000 గంటలని ఉంటుంది. 15,000 గంటలంటే అదే లెక్కన 3000 రోజులు, అంటే ఎనిమిదేళ్ల పైమాటే.

ఇక ఖర్చు. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. 60 వాట్ల తీగ బల్బు ఇచ్చేంత వెలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. 1000 గంటలకు మొదటిది 60 యూనిట్లు తింటే రెండోది 9 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే 360 రూపాయలు ఒకవైపు, 54 రూపాయలు ఇంకోవైపు. తేడా 306 రూపాయలు. అంటే వంద రూపాయల ఎల్‌ఈడీ రెండు నెలలు దాటగానే తన ధర తాను రాబట్టుకుంటుంది.

'మాకు కరెంటు ఉచితమే కదా' అనే ఇళ్లకూ ఈ లెక్క అవసరమే. కర్ణాటకలో గృహజ్యోతి కింద ఇంటి సగటు వాడకాన్ని బట్టి నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. తమిళనాడులో రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం. నాలుగు తీగ బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెడితే రోజుకు 5 గంటల వాడకం మీద నెలకు 30 యూనిట్లు తగ్గుతాయి. హద్దు దాటకుండా ఇంటిని ఆపడానికి ఒక్కోసారి ఆ 30 యూనిట్లే చాలు.

ఎల్‌ఈడీ ఇంత చౌక కావడం ఈమధ్య మాటే. ఇళ్లకు ఎల్‌ఈడీలు పంచే పథకం 2014లో మొదట అమలైంది యానాం భాగమైన పుదుచ్చేరిలోనే. అప్పుడు ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. 2015 జనవరిలో పథకం దేశమంతటికీ విస్తరించింది. దానికే తరువాత ఉజాలా అని పేరు. కోట్ల లెక్కన టోకున కొనడంతో నాలుగేళ్లు తిరక్కముందే ఆ ధర 40 రూపాయల లోపుకు దిగింది.

మరి ఎనిమిదేళ్లు రావలసిన బల్బు కొన్ని ఇళ్లలో రెండేళ్లకే ఎందుకు పోతోంది? వెలుగునిచ్చే చిప్పు తొందరగా పాడవదు. అడుగున ఉండే డ్రైవర్ సర్క్యూట్‌ను వేడి దెబ్బతీస్తుంది. గాలి ఆడని గాజు డోముల్లో ఎల్‌ఈడీ పెట్టకపోవడం మంచిది.

ఇంకో సంగతి. ఎల్‌ఈడీకి ఆయుష్షు తీరడమంటే ఆరిపోవడమని కాదు. సాధారణంగా వెలుగు మొదటి దానిలో 70 శాతానికి పడిపోయేదాకా లెక్క కడతారు. ఈ తగ్గుదల మెల్లగా జరుగుతుంది కనుక ఇంట్లో ఎవరూ గమనించరు, దాని కిందే పిల్లవాడు చదువుకుంటూ ఉంటాడు. అమెరికాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బు ఒకటి ఉంది. ఇప్పుడది ఇచ్చేది రాత్రి దీపమంత వెలుగే. ఎంతకాలం వెలుగుతుందన్నదాంతో పాటు ఎంత వెలుగిస్తుందన్నదీ చూడాలి.

అందుకని కొనేటప్పుడు డబ్బా మీది లూమెన్లను వాట్లతో భాగించి చూడండి. ఎక్కువ వచ్చినది మేలు. 2018 నుంచి ఎల్‌ఈడీలకు స్టార్ లేబుల్ తప్పనిసరి, అదీ చూడండి. గ్యారంటీ ఉంటే రసీదు దాచండి. బిగించే ముందు బల్బు మెడ మీద ఆ రోజు తేదీ రాయండి. చదువుకునే చోట బల్బు మసకబారినట్టు అనిపిస్తే, ఆరిపోయేదాకా ఆగకుండా దాన్ని వరండాకు మార్చి కొత్తది పెట్టండి.

ఉపాధ్యాయులకు ఒక మాట. పిల్లల చేత ఇంటి కరెంటు బిల్లు తెప్పించండి. అది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. యూనిట్లెన్ని, ధర ఎంత, గడువు ఎప్పుడు అన్నవి వెతికి తెలుగులో రాయమనండి. బల్బుల లెక్క కట్టి రాత్రికి ఇంట్లో అమ్మకూ నాన్నకూ తెలుగులోనే చెప్పమనండి. గణితమూ భాషా ఒకే పాఠంలో సాగుతాయి, వచ్చే నెల బిల్లులో ఫలితమూ కనిపిస్తుంది.